ఆ కోర్ల జోలికి చివర్లో వెళ్దాం

ప్రశ్న: మా నాన్నగారు వాడిన వాల్వుల బ్లాక్ అండ్ వైట్ టీవీ పాతికేళ్లుగా అటక మీదే ఉండిపోయింది. ఆయన పోయాక దాన్ని మళ్లీ పనిచేయించాలనిపించింది. నాకు సోల్డరింగ్ వచ్చు, రెండు పాత రేడియోలు బాగుచేశాను. టీవీలో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ మార్చాక తెర వెలిగింది. డీవీడీ ప్లేయర్‌ని ఆర్ఎఫ్ మాడ్యులేటర్ (వీడియోను టీవీ ఛానల్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) ద్వారా యాంటెన్నా సాకెట్‌కి కలిపితే బొమ్మ కూడా వచ్చింది. కానీ తడి రంగు మీద చెయ్యి రాసినట్టు కుడివైపుకి అలుక్కుపోతోంది. మాట అసలు వినపడదు, బుర్రుమనే మోత ఒక్కటే. ఎలైన్‌మెంట్ (కాయిళ్ల ట్యూనింగ్) తప్పిందేమో అనుకుని ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) డబ్బాల్లో రెండు కోర్లు (కాయిల్ లోపల తిరిగే ట్యూనింగ్ ముక్కలు), సౌండ్ భాగంలో ఒక కోరు తిప్పాను. ఒక్కోటి ఒకటిన్నర చుట్టు తిప్పి ఉంటాను. వెలుగు కాస్త పెరిగింది గానీ బొమ్మలో వివరం ఇంకా పోయింది. వెనక అట్ట మీద ‘సీసీఐఆర్, 625 లైన్లు’ అని ఉంది. సర్వీస్ మాన్యువల్ సంపాదించాను. ఎలైన్‌మెంట్ ఎలా చేయాలి? ఏ పరికరాలు కావాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, నాన్నగారి టీవీ తెర మళ్లీ వెలిగిందని చదివి చాలా సంతోషమేసింది. ఇన్నేళ్ల తర్వాత పిక్చర్ ట్యూబు, దానికి వేల వోల్టులు అందించే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండూ బతికి ఉన్నాయంటే అసలు గండం గడిచినట్టే. మిగిలిన భాగాలు దొరుకుతాయి, ఈ రెండూ దొరకవు. కాబట్టి ఇక్కడినుంచి చేసే ప్రతి పనీ వాటిని కాపాడుకుంటూ చేద్దాం.

ఎలైన్‌మెంట్ గురించి అడిగారు. చెబుతాను, కానీ మీ టీవీకి వచ్చిన జబ్బు అది కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఫ్యాక్టరీలో ఆ కోర్లను స్వీప్ జనరేటర్ (ఫ్రీక్వెన్సీని వరుసగా మారుస్తూ సిగ్నల్ ఇచ్చే పరికరం) పెట్టి సరిచేసి, కదలకుండా మైనమో రంగో వేశారు. అటక మీద ఉన్నంతకాలం వాటిని ఎవరూ తిప్పలేదు. కాయిల్ రాగి తీగ, దాని పక్కనుండే మైకా, సిరామిక్ కండెన్సర్లు ఏళ్లు గడిచినా పెద్దగా మారవు. మారేవి కాగితపు కండెన్సర్లు, ఎక్కువ విలువ ఉన్న కార్బన్ రెసిస్టర్లు, వాల్వులు. మీరు ఎలక్ట్రోలిటిక్‌లు మార్చానన్నారు, కాగితపు కండెన్సర్ల మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. నా అనుమానమంతా అక్కడే.

అంతకంటే ముందు అత్యవసరంగా చెప్పాల్సింది ఒకటుంది. మీరు డీవీడీ ప్లేయర్ కలిపారు కదా, ఇలాంటి వాల్వు సెట్లలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. మెయిన్స్ తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం లైవ్ అవుతుంది. యాంటెన్నా సాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య అడ్డుగా ఉండేవి రెండు చిన్న కండెన్సర్లే. వాటిలో ఒకటి లీకైతే మెయిన్స్ కరెంటు మీ ప్లేయర్ మీదికి, అక్కడినుంచి మీ చేతికి వస్తుంది. ఈ రోజే ఆ కండెన్సర్లు తీసేసి, అదే విలువ ఉన్న వై-క్లాస్ సేఫ్టీ కండెన్సర్లు వేయండి. అప్పటిదాకా సాకెట్‌కి ఏదీ కలపొద్దు.

తర్వాత సెట్టును మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ సంపాదించండి. ఎలైన్‌మెంట్‌కి అది లేనిదే కుదరదు, ఎందుకంటే ఆసిలోస్కోప్, సిగ్నల్ జనరేటర్ రెండింటి ఎర్త్ తీగలూ మెయిన్స్ ఎర్త్‌తోనే కలిసి ఉంటాయి. లైవ్ ఛాసిస్‌కి ఆ క్లిప్ తగిలిన క్షణంలో పెద్ద షార్ట్ అవుతుంది. వోల్టేజీని పెంచి తగ్గించే వేరియాక్ ఉంది కదా అనుకోవద్దు, దానికి రెండో చుట్టు వేరుగా ఉండదు కాబట్టి అది మిమ్మల్ని మెయిన్స్ నుంచి విడదీయదు. వాల్వు టీవీ 150 నుంచి 200 వాట్ల దాకా తీసుకుంటుంది. పైగా వీటిలో చాలావరకు ఒక్క డయోడ్‌తో అరతరంగాన్ని మాత్రమే వాడుకుంటాయి. దానివల్ల ట్రాన్స్‌ఫార్మర్ గుండా డీసీ ప్రవహించి అది వేడెక్కుతుంది. అందుకే 500 వీఏ సైజు తీసుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: స్కోప్ ఎర్త్ కలిపాక ఛాసిస్ మళ్లీ ఎర్త్ అయిపోయినట్టే, అంటే హెచ్‌టీ (వాల్వులకు ఇచ్చే ఎక్కువ వోల్టేజీ డీసీ) తీగను ఎక్కడ ముట్టుకున్నా షాక్ తగులుతుంది. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని రెండో చేత్తో మాత్రమే కొలవండి.

పిక్చర్ ట్యూబు విషయంలో కూడా ఇంతే జాగ్రత్త. బ్లాక్ అండ్ వైట్ సెట్లలో ఆనోడ్ మీద 12 నుంచి 18 కిలోవోల్టుల దాకా ఉంటుంది. గాజుకు లోపలా బయటా ఉన్న పూతలు రెండూ కలిసి ఒక కండెన్సర్ అవుతాయి, అది స్విచ్ కట్టేశాక కూడా చాలాసేపు, ఒక్కోసారి రోజుల తరబడి, చార్జ్ పట్టి ఉంచుతుంది. ట్యూబు వెనక నల్లటి పూతకు ఆనుకుని ఉండే అల్లిక తీగకు ముందు ఒక వైరు క్లిప్ చేయండి. ఆ వైరు రెండో కొసను బాగా ఇన్సులేషన్ ఉన్న బల్లపరుపు స్క్రూడ్రైవర్‌కి కట్టి, రబ్బరు టోపీ కిందికి పోనివ్వండి. పది నిమిషాలాగి మళ్లీ అదే పని చేయండి, ఎందుకంటే గాజులో ఇంకిన చార్జ్ కొంత మళ్లీ పైకి వస్తుంది. ట్యూబును ఎప్పుడూ మెడ పట్టుకుని ఎత్తొద్దు, దగ్గర పనిచేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తియ్యొద్దు.

ఇప్పుడు కాగితపు కండెన్సర్ల సంగతి. మైనం పూసిన గోధుమరంగు గొట్టాలు, నల్లటి లేదా ముదురు రంగు ప్లాస్టిక్‌లో పోతపోసినవి, ఇలాంటివన్నీ తేమ పీల్చి లీకవుతాయి. కెపాసిటీ మీటరు మీద విలువ సరిగ్గానే కనిపిస్తుంది, ఆ నమ్మకంతోనే చాలామంది వాటిని వదిలేస్తారు. 200 వోల్టులు పడినప్పుడు డీసీని దాటనిస్తోందా లేదా అన్నది అసలు ప్రశ్న. సౌండ్ అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (వాల్వు కరెంటును అదుపుచేసే భాగం) సిగ్నల్ అందించే కప్లింగ్ కండెన్సర్ లీకైతే గ్రిడ్ పాజిటివ్ అవుతుంది, వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అనుమానం తీర్చుకోవాలంటే గ్రిడ్ వైపు కాలు విప్పి, సెట్టు వేడెక్కాక ఆ కాలు దగ్గర డిజిటల్ మీటరుతో డీసీ కొలవండి. కాసేపట్లో సున్నాకు దగ్గరగా రావాలి. కొన్ని వోల్టులు అలాగే నిలబడితే లీకే. ఈ పరీక్షను లైన్ అవుట్‌పుట్ వాల్వు దగ్గర మాత్రం చేయొద్దు. ఆ వాల్వుకు నెగటివ్ బయాస్ (కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్ వోల్టేజీ) లైన్ ఆసిలేటర్ నుంచి వచ్చే డ్రైవ్ వల్లే ఏర్పడుతుంది. ఆ కండెన్సర్ విప్పితే డ్రైవ్ పోతుంది, బయాస్ పోతుంది, ఆనోడ్ ఎర్రగా కాలుతుంది, దానితోపాటు మీరు ఎక్కడా కొనలేని ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది.

నా సలహా, కాగితపువాటిని పరీక్షలు పెట్టకుండా ఒక్కొక్కటిగా మార్చేయండి. ఒకటి మార్చడం, ఆన్ చేసి చూడడం, మళ్లీ ఒకటి. పది మార్చాక బొమ్మ పోతే ఎక్కడ తప్పు కలిపామో వెతకడం నరకం. సాధారణ చోట్ల పాలియెస్టర్ సరిపోతుంది. లైన్ అవుట్‌పుట్ దగ్గరి బూస్ట్ కండెన్సర్‌కి మాత్రం పల్సులు తట్టుకునే పాలీప్రొపిలీన్ రకం, మాన్యువల్లో ఉన్న వోల్టేజీ లేదా అంతకంటే ఎక్కువది కావాలి. సెట్టులో ముందే ఉన్న పాలియెస్టర్, మైకా, సిరామిక్ కండెన్సర్లను కదపొద్దు. ఐఎఫ్ డబ్బాల లోపలికి అసలు వెళ్లొద్దు.

రెసిస్టర్లు మీ జబ్బుకు ఇంకా దగ్గర. పాత కార్బన్ రెసిస్టర్ల విలువ ఏళ్లు గడిచేకొద్దీ పైకి పోతుంది. వీడియో అవుట్‌పుట్ వాల్వు ఆనోడ్ లోడ్ రెసిస్టర్ కొలవండి. అది చెప్పిన విలువకంటే బాగా పెరిగితే వేగంగా మారే సిగ్నల్ అక్కడ మొద్దుబారుతుంది, నిలువు అంచులు కుడివైపుకి పాకుతాయి. మీరు రాసిన ‘తడి రంగు’ ఇదే కావచ్చు. అదే వాల్వు స్క్రీన్ రెసిస్టరు, దాని డీకప్లింగ్ కండెన్సరు, వీడియో డిటెక్టర్ లోడ్ కూడా చూడండి. 20 శాతం దాటి తేడా ఉన్న ప్రతి రెసిస్టరూ మారాల్సిందే. కొలిచేటప్పుడు ఒక కాలు విప్పి కొలవండి, లేకపోతే పక్క దారి కూడా కలిసి లెక్క తప్పుతుంది. పిక్చర్ ట్యూబు ఎమిషన్ (ఎలక్ట్రాన్లు వెదజల్లే శక్తి) తగ్గినా బొమ్మ అలుక్కుపోతుంది, కానీ దాని తీరు వేరు: తెల్లటి భాగాలు పాదరసం పూసినట్టు మెరుస్తూ పరుచుకుంటాయి, బ్రైట్‌నెస్ తగ్గిస్తే సర్దుకుంటాయి. మీ ట్యూబులో అది కనిపిస్తే ముందు హీటర్ వోల్టేజీ సరిగా ఉందో లేదో చూడండి, అంతేగాని హీటర్‌కి ఎక్కువ వోల్టేజీ ఇచ్చి బతికించే ప్రయత్నాలు ఇప్పుడే వద్దు.

ఇక మాట రాకపోవడం. దీని గురించి చదవగానే నాకు మీ మాడ్యులేటర్ మీద అనుమానం వచ్చింది. సీసీఐఆర్ 625 లైన్ల పద్ధతిలో, అంటే బీ లేదా జీ సిస్టమ్‌లో, బొమ్మ క్యారియర్‌కీ (బొమ్మను మోసే తరంగం) మాట క్యారియర్‌కీ మధ్య దూరం 5.5 మెగాహెర్ట్జ్. అదే 625 లైన్లయినా ఐ సిస్టమ్‌లో 6, డీ, కే సిస్టమ్‌లలో 6.5, 525 లైన్ల ఎం సిస్టమ్‌లో 4.5. మాడ్యులేటర్ వేరే సిస్టమ్‌లో ఉంటే బొమ్మ వస్తుంది, మాట రాదు, మోత మిగులుతుంది. చాలా మాడ్యులేటర్లలో ఇది మార్చడానికి ఒక చిన్న స్విచ్చో మెనూలో ఒక వరుసో ఉంటుంది. బీ/జీ పెట్టి చూడండి. సెట్టులోని 5.5 కాయిల్‌ని మాడ్యులేటర్‌కి తగ్గట్టు లాగడం మాత్రం చేయకూడదు. తప్పు అతిథిదైతే ఇంటి గోడలు పగలగొట్టడం ఎందుకు?

మాడ్యులేటర్ మరీ బలంగా ఉన్నా మోత వస్తుంది, బొమ్మలో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా తిరగబడుతుంది, సింక్ (బొమ్మను నిలకడగా పట్టి ఉంచే సిగ్నల్) ఊగుతుంది. ఇలాంటి సెట్టుకు యాంటెన్నా దగ్గర ఒక మిల్లీవోల్టు చాలు. మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే 10 లేదా 20 డెసిబెల్ అటెన్యుయేటర్ పెట్టి చూడండి. యాంటెన్నా సాకెట్ 300 ఓమ్‌ల బల్లపరుపు తీగ రకమైతే 75 ఓమ్‌ల కేబుల్‌కి మధ్య రెండింటినీ జత కుదిర్చే బాలున్ ఉండాలి. ఇవన్నీ సరిగా ఉన్నా మోత పోకపోతే, మీ సెట్టులో రేషియో డిటెక్టర్ (సిగ్నల్ నుంచి మాటను విడదీసే భాగం) ఉంటే దాని చిన్న ఎలక్ట్రోలిటిక్ చూడండి. కొన్ని మైక్రోఫారడ్ల బుల్లి కండెన్సర్ అది, పెద్దవాటి మధ్య సులువుగా కంటబడదు. అది ఎండిపోతే మాట వెనక బుర్రు తగ్గదు.

ఇప్పుడు మీరు తిప్పిన ఆ మూడు కోర్లు. ఏది ఎటు తిప్పారో జ్ఞాపకం ఉన్నంతవరకు వెనక్కి తెచ్చి పెట్టండి. కోరు పైన, గొట్టం అంచున విరిగిన మైనం ముక్కలు కనిపిస్తే ఆ రెండూ ఎదురెదురుగా వచ్చేచోటే పాత స్థానం. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఇక తిప్పొద్దు. లోహం దగ్గరికి రాగానే కాయిల్ ట్యూనింగ్ మారిపోతుంది, చెయ్యి తీయగానే మళ్లీ ఇంకోలా అవుతుంది. పైగా ఆ కోరు సుద్దముక్కలాంటిది. నేను పని నేర్చుకునే రోజుల్లో బిగుసుకున్న కోరును ఇనుప మొనతో బలవంతంగా తిప్పాను. రెండు ముక్కలై గొట్టంలోనే ఇరుక్కుంది. దాన్ని నలిపి బయటికి తీసేసరికి తలవెంట్రుకంత సన్నటి తీగ తెగిపోయింది. ఆ కాయిల్ మళ్లీ చుట్టడానికి రెండు రోజులు పట్టింది. కోరు రంధ్రానికి సరిగ్గా పట్టే ప్లాస్టిక్ లేదా నైలాన్ పుల్ల వాడండి, బిగుసుకుంటే హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వెచ్చబెట్టండి.

మీరు రేడియోలు బాగుచేశానన్నారు. బహుశా అదే ఇక్కడ మిమ్మల్ని దారి తప్పించింది. రేడియోలో 455 కిలోహెర్ట్జ్ దగ్గర అన్ని ఐఎఫ్ కాయిళ్లనూ శబ్దం గరిష్ఠంగా వచ్చేదాకా తిప్పితే పని అయిపోతుంది. టీవీలో అలా చేస్తే బొమ్మ చస్తుంది. టీవీ ఐఎఫ్ దాదాపు 5 మెగాహెర్ట్జ్ వెడల్పు దాటించాలి, అందుకని ఒక్కో కాయిల్‌ని ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర పెడతారు. గ్రాఫ్ గీస్తే అన్నీ కలిసి ఒక వెడల్పాటి గుట్టను తయారుచేస్తాయి. రెండు కాయిళ్లను ఒకేచోటికి లాగితే గుట్ట పోయి సూదిమొన మిగులుతుంది. వెలుగు పెరుగుతుంది, వివరం పోతుంది. మీకు సరిగ్గా అదే జరిగింది.

ఆ గుట్ట ఎలా ఉండాలో చెబుతాను. మీ మాన్యువల్లో ఐఎఫ్ 38.9 అని ఉంటే బొమ్మ క్యారియర్ 38.9, మాట క్యారియర్ 33.4 మెగాహెర్ట్జ్. పాత సెట్లలో వేరే అంకెలు కూడా ఉంటాయి, మాన్యువల్ ఏది చెబితే అదే ప్రమాణం. బొమ్మ క్యారియర్ గుట్ట శిఖరం మీద ఉండకూడదు, వాలు మధ్యలో, సరిగ్గా సగం ఎత్తులో ఉండాలి. ప్రసారంలో క్యారియర్‌కి ఒకవైపు పూర్తి సైడ్‌బ్యాండ్ (క్యారియర్ పక్కన బొమ్మ వివరం ఉండే పట్టీ), రెండోవైపు కొద్ది ముక్క మాత్రమే పంపుతారు. ఆ క్యారియర్ దగ్గర రెండు వైపులా వచ్చేది రెట్టింపు అవుతుంది కనుక, దాన్ని సగానికి దించి సమం చేయడానికే ఆ వాలు. క్యారియర్ మరీ పైకెక్కితే బొమ్మ మందంగా అలుక్కుపోతుంది, మరీ కిందికి జారితే అంచులు మాత్రమే గీసినట్టు పలచబడుతుంది, సింక్ కూడా బలహీనపడుతుంది. మాట క్యారియర్ శిఖరంలో పదో వంతు ఎత్తుకు మించకూడదు, మించితే బొమ్మలో మాటకు తగ్గట్టు గీతలు ఆడతాయి. 31.9, 40.4 దగ్గర పక్క ఛానళ్లను ఆపే ట్రాప్‌లు లోతైన గుంటలుగా కనిపించాలి.

దీన్ని చూడడానికి స్వీప్ జనరేటర్, మార్కర్ (గీత మీద ఫ్రీక్వెన్సీ గుర్తులు పెట్టేది), స్కోప్ ఉంటే హాయి. లేకపోయినా ఫర్వాలేదు. సిగ్నల్ జనరేటర్, ఫ్రీక్వెన్సీ కౌంటర్, డిజిటల్ మీటర్, గ్రాఫ్ కాగితం చాలు, ఓపిక ఒక్కటే ఎక్కువ కావాలి. సెట్టును అరగంట వేడెక్కనివ్వండి. ట్యూనర్‌ని సిగ్నల్ లేని ఛానల్‌లో పెట్టండి. సిగ్నల్ బలాన్ని బట్టి పెంపును తనంతట తానే మార్చే ఏజీసీ తీగను మాన్యువల్ చెప్పిన నెగటివ్ వోల్టేజీ దగ్గర బ్యాటరీతో కట్టేయండి, బ్యాటరీ పాజిటివ్ ఛాసిస్‌కి. ఇది చేయకపోతే ఏజీసీ మీరు కొలిచే ప్రతి కొండనూ చదును చేసి మోసం చేస్తుంది. ట్యూనర్ మీద ఐఎఫ్ టెస్ట్ పాయింట్ ఉంటుంది, జనరేటర్‌ని 1000 పికోఫారడ్ కండెన్సర్ ద్వారా అక్కడ ఇవ్వండి. వీడియో డిటెక్టర్ లోడ్ దగ్గర 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా డీసీ కొలవండి. 31 నుంచి 41 మెగాహెర్ట్జ్ దాకా అర మెగాహెర్ట్జ్‌కి ఒకటి, క్యారియర్ల దగ్గర పావుకి ఒకటి చొప్పున అంకెలు రాసుకుని గీత గీయండి. జనరేటర్ స్థాయి ఎంత తక్కువైతే అంత మంచిది. స్థాయిని సగం చేస్తే గీత ఆకారం మారకుండా ఎత్తు మాత్రమే తగ్గాలి. ఆకారం మారిందంటే ఏదో వాల్వు ఓవర్‌లోడ్ అవుతోంది, అప్పుడు కనిపించే చక్కటి బల్లపరుపు శిఖరం అబద్ధం.

మొదటి గీత కోర్లను వెనక్కి తిప్పాక, ఇంకేమీ ముట్టుకోకుండా గీయండి. అది మాన్యువల్లోని బొమ్మకు దగ్గరగా ఉంటే అక్కడితో ఆపేయండి. తేడా ఉంటే మీరు తిప్పిన ఆ రెండు కాయిళ్లనే, మాన్యువల్ వాటికి చెప్పిన ఫ్రీక్వెన్సీ దగ్గర, పావు చుట్టుకు మించకుండా కదపండి. మిగతావి ఎవరూ ముట్టుకోలేదు కదా, వాటిని నమ్మండి. ట్రాప్‌లలో ఒకటి కదిలి ఉంటే ముందు దాన్ని కనిష్ఠానికి తెచ్చి, తర్వాత మిగిలినదానికి వెళ్లండి. ప్రతి కదలిక తర్వాత మళ్లీ గీత. ఒక సాయంత్రం పోతుంది, కానీ గ్రాఫ్ మీద కొండ లేచి నిలబడుతుంటే కలిగే సంతోషం నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా తగ్గలేదు.

సౌండ్ కోరుకు మాడ్యులేటర్ బీ/జీలో ఉంటే దాని సిగ్నలే చాలు. మీరు తిప్పింది డిటెక్టర్‌కి ముందుండే కాయిల్ అయితే రేషియో డిటెక్టర్ ఎలక్ట్రోలిటిక్ మీద డీసీ గరిష్ఠంగా వచ్చేలా పెట్టండి. డిటెక్టర్ సెకండరీ అయితే సిగ్నల్‌ని బాగా తగ్గించి, మోత తక్కువగా, మాట స్వచ్ఛంగా వినపడే మధ్యస్థానంలో ఆపండి.

బొమ్మ ఆకారం సర్దడం అన్నిటికంటే తేలిక. టెస్ట్ కార్డు, గళ్ల బొమ్మ ఉన్న డిస్క్ వేసుకోండి. బొమ్మ ఒరిగి ఉంటే మెడ మీది యోక్‌ని (కిరణాన్ని వంచే కాయిళ్లు) తిప్పి సరిచేయండి, మధ్యకు తేవడానికి దాని వెనక ఉండే రెండు అయస్కాంత వలయాలు ఉన్నాయి. ఎత్తు, లీనియారిటీ (బొమ్మ అంతటా సమంగా పరుచుకోవడం) రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి కాబట్టి వృత్తం గుండ్రంగా వచ్చేదాకా మార్చి మార్చి తిప్పాలి. వెడల్పు చాలకపోతే కోరు వెతక్కుండా ముందు హెచ్‌టీ కొలవండి. సెట్టులో సెలీనియం రెక్టిఫయర్ ఉంటే హెచ్‌టీ పడిపోవడం మామూలే. సిలికాన్ డయోడ్ వేస్తే వోల్టేజీ పెరుగుతుంది, వరుసలో తగిన రెసిస్టర్ పెట్టి మాన్యువల్ అంకెకు తేవాలి. ట్యూబు మెడ మీద యోక్‌కి వెనక విడిగా ఒక అయస్కాంతం బిగించి ఉంటే అది అయాన్లు తెరను కాల్చకుండా ఆపే అయాన్ ట్రాప్ కావచ్చు. దాన్ని తక్కువ బ్రైట్‌నెస్‌లో వెలుగు గరిష్ఠంగా ఉండేచోట మాత్రమే పెట్టాలి. బొమ్మను మధ్యకు జరపడానికి దాన్ని వాడితే గన్ లోపలి రేకు కాలిపోతుంది.

కాగితపు కండెన్సర్లు, ఆ వీడియో రెసిస్టర్లు మార్చాక, మాడ్యులేటర్ సర్దాక, బొమ్మ ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి. రాసేటప్పుడు హెచ్‌టీ ఎంత వచ్చిందో, వీడియో అవుట్‌పుట్ వాల్వు ఆనోడ్, స్క్రీన్, క్యాథోడ్ వోల్టేజీలు ఎంతో, మీరు గీసిన మొదటి గ్రాఫ్ నకలూ జతచేయండి. తెర ఫొటో కంటే ఆ నాలుగు అంకెలూ ఆ గీతా నాకు ఎక్కువ చెబుతాయి.